గోడకి అవతలి చప్పుడు

గోడకి అవతల అక్క ఉంది. నర్సు నన్ను ఈ బెంచీ దాకా తీసుకొచ్చి, "ఇక్కడ కూర్చోండి టీచరమ్మా, ఈ గోడ వెనకే థియేటరు, దగ్గరగా ఉన్నట్టుంటుంది మీకు" అని చెప్పి వెళ్లింది. ఉన్నట్టుంటుంది అంది, అంతే. దగ్గరే ఉన్నారు అనలేదు. ఆ పిల్ల మాటలు జాగ్రత్తగా వాడుతుందో, నేనే మరీ జాగ్రత్తగా వింటున్నానో తెలీదు, ఇన్నేళ్లు పిల్లల నోట్లోంచి వచ్చే ప్రతి మాటనీ పట్టుకుని సరిచేసిన అలవాటు ఎక్కడికి పోతుంది. తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతోంది. గోడకి సగం ఎత్తు దాకా ఆకుపచ్చ రంగు, ఆ పైన తెలుపు, రెండూ కలిసే చోట గీత వంకర పోయింది. అక్క స్ట్రెచర్ మీద వెళ్తూ కూడా ఆ గీతని చూసే ఉంటుంది. గుడ్డ మీద కుట్టయితే విప్పించి మళ్లీ కుట్టించేదాన్ని అనుకునే ఉంటుంది. నా తల సరిగ్గా ఆ గీత దగ్గరికి వస్తోంది, వెనక్కి ఆనితే గోడ చల్లగా తగులుతోంది, అటువైపు ఇంకా చల్లగా ఉంటుందని చెప్పారు, అక్కకి చలి పడదు, ఎండాకాలంలో కూడా పాదాల మీద ఏదో ఒక గుడ్డముక్క కప్పుకుని పడుకుంటుంది, కత్తిరించగా మిగిలిన ముక్కే, కొత్త గుడ్డ కప్పుకుంటే నిద్ర పట్టదంటుంది. లోపల పాదాలు కప్పారో లేదో. అడగాల్సింది. అడగాల్సినవన్నీ తలుపు మూసుకున్నాకే గుర్తొస్తాయి నాకు.

నా కుడిచేతి మధ్యవేలికి అక్క ఇత్తడి టోపీ ఉంది. సూది వెనకవైపు గుచ్చుకోకుండా కుట్టుపనివాళ్లు వేలికి తొడుక్కునేది. దుకాణంలో దానికి ఇంకేదో పేరుంది, మా ఇంట్లో మాత్రం అది టోపీయే. తలుపు దగ్గర నర్సు అక్క చేతిలోంచి దాన్ని తీసుకోబోయింది. "లోపలికి ఇలాంటివేవీ తీసుకెళ్లకూడదు అమ్మమ్మగారూ." అక్క పిడికిలి విప్పలేదు. "అదేంటమ్మా, నా తుంటిలో ఇంత ఇనప గుండు పెట్టి పంపిస్తారట, ఈ కాస్త ఇత్తడి అడ్డమొచ్చిందా మీకు?" నర్సు నవ్వింది, స్ట్రెచర్ తోసే మనిషి నవ్వాడు, నేనూ నవ్వాను, ఆ నవ్వుల మధ్యలో అక్క దాన్ని నా అరచేతిలో పెట్టి వేళ్లు ముడిచింది. "పోగొట్టకే పంతులమ్మా. కళ్లజోడు తల మీద పెట్టుకుని ఇల్లంతా వెతికే రకం నువ్వు." ఆ తర్వాత వెళ్లొస్తా అంది, సంచీ పట్టుకుని దారాలు కొనడానికి వెళ్లేటప్పుడు అనేదే, అదే గొంతుతో, తల కూడా తిప్పకుండా. నా వేలు అక్క వేలు కంటే లావు. టోపీ కణుపు దగ్గర బిగుసుకుంది. తొడుక్కుని ఉండకపోతే ఎక్కడ పెట్టానో మర్చిపోతానేమోనని తొడుక్కున్నాను, వేరే కారణం ఏమీ లేదు, అని నాకు నేను చెప్పుకుంటున్నాను.

బాగా చిన్నప్పుడు నాకు ఒళ్లంతా తట్టు లేచింది. నన్ను లోపలి గదిలో పెట్టి తలుపు వేశారు, ఎవరూ రాకూడదన్నారు, అక్క అసలు రాకూడదన్నారు, అంటుకుంటుందని. కళ్లకి వెలుగు తగలకూడదని కిటికీకి మందపాటి దుప్పటి కట్టారు. ఆ చీకట్లో ఏడుస్తుంటే గోడలోంచి టక్ మని ఒక చప్పుడు వచ్చింది. ఏడుపు ఆపి విన్నాను. మళ్లీ టక్. అప్పుడప్పుడే అమ్మ దగ్గర కుట్టు నేర్చుకుంటోంది అక్క, అమ్మ టోపీ వేలికి పెట్టుకుని గోడకి అవతల కూర్చుంది. నేను మంచినీళ్ల గ్లాసుతో తిరిగి కొట్టాను. ఉన్నావా అంటే ఉన్నాను అని. అంతకు మించి దానికి అర్థం లేదు, అప్పుడూ లేదు, ఆ తర్వాత ఇన్నేళ్లలోనూ లేదు. అమ్మ పోయి, బావ పోయి, అక్క నా దగ్గరికి వచ్చేశాక, నేను బదిలీ అయిన ప్రతి చోటికీ తన మిషను లారీలో వేసుకుని నాతో దిగిన ప్రతి అద్దె ఇంట్లోనూ, అక్క మొదట చూసేది నీళ్లు వస్తున్నాయా అని కాదు, రెండు గదుల మధ్య గోడ పలుకుతుందా అని. "ఇల్లు బావుందిగానీ గోడ మూగదే" అని ఒక మంచి ఇల్లు వద్దనేసింది. ఇంటి యజమాని తెల్లమొహం వేసుకుని నిలబడ్డాడు. పొద్దున లేవగానే అక్క ఒకసారి కొడుతుంది. నేను ఒకసారి తిరిగి కొడతాను, చేతికి ఏది దొరికితే దానితో, దువ్వెన, కలం, చెంచా. అప్పుడు లేస్తాం. దెబ్బలాడుకుని మాటలు మానేసిన రోజుల్లో కూడా అది మానలేదు. "మాట్లాడనంత మాత్రాన చచ్చిపోయామా ఏంటే" అనేది.

మొన్న పొద్దున కూడా కొట్టింది. నేను జడ వేసుకుంటున్నాను, దువ్వెనతో తిరిగి కొట్టాను. మళ్లీ టక్ మంది. మళ్లీ కొట్టాను. మళ్లీ. ఈవిడకి ఇవాళ హుషారెక్కింది అనుకున్నాను, నవ్వుకున్నాను కూడా, దువ్వెనతో తాళం వేసినట్టు గబగబా కొట్టాను. అటునుంచి కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక్కటి వచ్చింది, అప్పుడు విన్నాను, అంటే అప్పుడు సరిగ్గా విన్నాను. రోజూ అక్క మంచం మీద కూర్చుని కొట్టే చప్పుడు నా భుజం ఎత్తున వినిపిస్తుంది. ఇది నా మడమల దగ్గర వినిపించింది. వెళ్లి చూస్తే నేల మీద ఉంది, మంచానికీ గోడకీ మధ్య, కత్తిరింపు ముక్కల కుప్పలో పాదం చిక్కుకుని, ఎడమ కాలు కుడి కాలి కంటే పొట్టిదైపోయినట్టు, మడమ లోపలికి, వేళ్లు పక్కకి వాలిపోయి. మొహం సున్నం కొట్టినట్టుంది. "పడ్డానని నేను చెప్తుంటే నువ్వు తాళాలు వేస్తావేమే" అంది. నొప్పికి ఊపిరి పట్టేసి నోట మాట రాలేదట, చెయ్యి ఒక్కటే ఆడింది. ఇన్నేళ్లు కొట్టుకున్నాం, మా దగ్గర రా అనే చప్పుడు లేదు. అవసరం పడలేదు ఎప్పుడూ. పక్క గదిలోంచి రమ్మనడానికి గోడెందుకు, అక్క గొంతు వీధి చివరికి వినిపిస్తుంది. ఈ కథంతా అంబులెన్సు మనిషికి చెప్పింది, ఎక్స్-రే తీసే అబ్బాయికి చెప్పింది, డాక్టరుకి చెప్పింది, చెప్పిన ప్రతిసారీ నా తాళం ఇంకాస్త పొడుగైంది, ఆఖరికి నేను కచేరీయే చేశాను. అందరూ నావైపు చూసి నవ్వారు. నేను ఒంటరిగా దాని గురించి ఆలోచించకుండా ఉండాలని అక్క దాన్ని నలుగురికీ పంచిపెడుతోంది. చిన్నప్పుడు నేను పలక పగలగొట్టినా ఇంతే, ముందు తనే నవ్వేసేది, ఇక ఎవరూ తిట్టడానికి ఉండేది కాదు.

డాక్టరు మంచివాడు. తెర మీద ఎక్స్-రే పెట్టి, అక్కకి కనబడేలా మంచం తల వైపు ఎత్తించాడు. నాకు చూపించి తనకి దాచే డాక్టరయితే అక్క అక్కడే దులిపేసేది. తుంటి గిన్నెలో తిరిగే గుండు, దాని కింద సన్నటి మెడ, మీకు విరిగింది ఆ మెడ, అన్నాడు. ఇంకాస్త కింద విరిగి ఉంటే ఎముక లోపలికి పొడుగాటి కడ్డీ దింపి బిగించేవాళ్లం, పక్క మంచం పెద్దాయనకి చేసింది అదే. మెడ విరిగితే లెక్క వేరు. గుండు కదలకుండా ఉంటే స్క్రూలు వేసి ఉన్న ఎముకనే అతికించొచ్చు, చిన్న ఆపరేషను, రక్తం పెద్దగా పోదు. కానీ మీది జారిపోయింది, దానికి రక్తం వెళ్లే దారి తెగింది, ఇక అతుక్కోకపోవచ్చు, స్క్రూలు ఊడితే మళ్లీ కొయ్యాలి. లేదంటే ఆ గుండు తీసేసి కాడ ఉన్న లోహపు గుండు పెట్టొచ్చు, గిన్నె మాత్రం మీ సొంతదే ఉంటుంది, సగం మార్పిడి. గిన్నె కూడా మార్చొచ్చు, బాగా తిరిగే వాళ్లకి అది మేలు, కానీ ఎక్కువసేపు పడుతుంది, మీ గుండె అంతసేపు ఒప్పుకునేలా లేదు. ఏమీ చెయ్యకపోతే, అని అడిగాను నేను. కాలికి బరువు కట్టి పడుకోబెడతాం, అన్నాడు, నొప్పి ఉంటుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, వీపు పుండ్లు పడుతుంది, అలా పడుకున్నవాళ్లలో చాలామంది ఇక లేవరు.

"అయితే డాక్టరుగారూ, మాసిక వెయ్యాలా, ముక్క మార్చాలా, అంతేగా?" అంది అక్క.

"అంతే అనుకోండి. కాకపోతే గుడ్డకి రక్తం అక్కర్లేదు, ఎముకకి కావాలి."

"ముక్క మార్చెయ్యండి. మాసిక వేశాక మళ్లీ చిరిగితే విసుగు."

ఆయన నావైపు చూశాడు. అక్క ఊరుకోలేదు. "దాన్ని చూస్తారేంటి, తుంటి నాది. దాన్నడిగితే నన్ను మంచం మీద పెట్టుకుని చాకిరీ చేస్తానంటుంది, దానికి సరదా. నేను బాత్రూంకి నా కాళ్ల మీద వెళ్లాలి. నాకు ఇంకేం వద్దు." నేను నిజంగానే ఆ మాట అనబోతున్నాను. పడుకోనివ్వండి, నేను చూసుకుంటాను అనబోతున్నాను. నొప్పితోనైనా సరే, గోడకి అవతల ఉంటుందని. అక్క కళ్లలోకి చూసి నోరు మూసుకున్నాను. అప్పుడు డాక్టరు ఇంకో మాట చెప్పాడు. ఎముక గుల్లబారింది కాబట్టి కాడని సిమెంటుతో అతికిస్తాం, గట్టిగా పట్టుకుంటుంది, లేచి నడవడానికి నొప్పి తక్కువ. సిమెంటు లేకుండా బిగించి కొట్టొచ్చు కానీ కొట్టేటప్పుడు ఎముక చీలే భయం ఉంది. అయితే సిమెంటు లోపలికి వెళ్లేటప్పుడు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి, రక్తపోటు ఉన్నట్టుండి పడిపోతుంది, అరుదుగా. అరుదుగా అన్నాడు. నేను పిల్లలకి ఆ మాట ఇచ్చి సొంతవాక్యం రాయమనేదాన్ని. మా ఊళ్లో వాన అరుదుగా కురుస్తుంది. మా మామయ్య అరుదుగా నవ్వుతాడు. ఒక పిల్ల రాసింది, మా టీచరు అరుదుగా తప్పు మార్కులు వేస్తుంది అని. ఏ వాక్యంలో పెట్టినా ఆ మాట కుదురుగా కూర్చుంటుంది. ఎవరినీ భయపెట్టదు.

"మీవాళ్లకేంటమ్మా, కడ్డీయా, గుండా?" బెంచీ ఆ చివర సంచీ ఒళ్లో పెట్టుకున్న ఆయన అడుగుతున్నాడు. అక్క తర్వాత ఆపరేషను వాళ్ల నాన్నది. గుండు, అన్నాను. "మా నాన్నకీ గుండేనట. మా నాన్నేమో, నా తలకాయే గుండు, ఇంకోటెందుకురా అంటాడు." ఆయన తనే నవ్వి, నవ్వు సగంలో ఆపేశాడు. సంచీ జిప్పు తెరిచి లోపల చూసి మళ్లీ మూశాడు. నేను కూర్చున్నప్పటి నుంచీ అదే పని, లోపల ఏమీ వెతకడం లేదు. "రేపే నడిపిస్తారటగా? నిజమేనంటారా?" రేపే నడిపిస్తారు, అన్నాను, డాక్టరు చెప్పింది చెప్పాను, పట్టుకునే చట్రం ఇచ్చి మంచం పక్కన నిలబెడతారు. నేను నిన్న ఇంటికి వెళ్లి అక్క గదిలో ముక్కల కుప్ప తీసేశాను. తీసేశాను అంటే సంచుల్లో కట్టి నా మంచం కింద పెట్టాను, పారేస్తే నన్ను చంపుతుంది. కుర్చీ కింద చెక్కలు వేయించాను, ఎత్తుగా ఉండాలన్నారు, తుంటి ఎక్కువ మడవకూడదట. చాప చుట్టేశాను. మిషను మీద సగం కుట్టిన చొక్కా ఉంది, మా బడిలో ఏడో తరగతి పిల్లవాడిది, మిషను పాదం కింద సూది గుడ్డలో దిగి ఉంది, దాన్ని అలాగే వదిలేశాను. అక్క ఏ బట్ట కుట్టినా అంచు లోపలికి ఎక్కువ మడుస్తుంది, ఎదిగే పిల్లలు, వచ్చే ఏడాది విప్పుకుంటే ఒక బెత్తెడు పొడుగవుతుంది, వాళ్లమ్మలకి మళ్లీ కొనే పని ఉండదు. ఈ మధ్య తన జాకెట్లు రెండువైపులా లోపలికి కుట్టు వేసుకుంటోంది. "చూశావా, నేను వెనక్కి ఎదుగుతున్నాను, ఇంకొన్నాళ్లకి నీ బడిలో చేరతాను, నన్ను మాత్రం గోడకుర్చీ వేయించకే" అంది.

టక్.

నా వీపుకి తగిలింది ఆ చప్పుడు, చెవికి కాదు. నాకు తెలుసు, సుత్తి. డాక్టరు ముందే చెప్పాడు, ఎముక లోపల కాడ దిగడానికి దారి చేసేటప్పుడు సుత్తితో కొడతాం, నడుములో ఇంజెక్షను ఇచ్చి నడుం కింద మొద్దుబార్చేస్తాం కాబట్టి మీకు నొప్పి తెలియదు, కానీ మెలకువగా ఉంటారు, వినిపిస్తుంది, వడ్రంగి కొట్టు పక్కన కూర్చున్నామనుకోండి. అదంతా నాకు గుర్తుంది. కానీ చెయ్యి అప్పటికే లేచింది, ఇత్తడి టోపీ గోడకి తగిలింది, ఒకసారి. టక్, టక్, టక్, అటునుంచి మళ్లీ. ఆగింది. నేను ఒకసారి. సంచీ ఆయన ఇటు తిరిగాడు. "ఏంటమ్మా, లోపల మేకులు కొడుతున్నారా?" లేదండీ, మా అక్క, అన్నాను. ఆయన నన్ను చూశాడు, తలుపుని చూశాడు, సంచీ ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. నాకు మతి పోలేదు. కొడుతున్నది డాక్టరని నాకు తెలుసు. కానీ లోపల మెలకువగా పడుకుని, కాళ్లు తనవి కానట్టు, తల దగ్గర గుడ్డ అడ్డం కట్టి, తన ఎముకలోనే సుత్తి దిగుతుంటే వింటున్న మనిషి నా అక్క, ఆ దెబ్బల మధ్య ఖాళీల్లో ఇంకో దెబ్బ వినిపిస్తే ఎవరిదో తనకి తెలుస్తుంది. లోకంలో తనొక్కదానికే తెలుస్తుంది. సుత్తి మూడో నాలుగో దెబ్బలు వేసి ఆగుతోంది, లోపల కొలుస్తున్నారు కాబోలు, ఆ ఆగిన చోట నేను ఒకటి వేస్తున్నాను. తొందరపడటం లేదు. మొన్నలా తాళం వెయ్యడం లేదు. ఒక్కటే, తడబడకుండా. కిటికీకి దుప్పటి కట్టిన గదిలో నేనుంటే నువ్వు ఎలా కొట్టావో అలా. ఒకసారి, రెండు సుత్తి దెబ్బల మధ్య, చాలా సన్నగా ఇంకేదో వినిపించింది, గాజు మీద గోరు తగిలినట్టు. వినిపించిందని అనుకున్నాను. తల తిప్పి చెవి గోడకి ఆనించాను. మళ్లీ ఒక చిన్నది. ఆ తర్వాత రాలేదు.

సుత్తి కూడా ఆగింది. ఇది సిమెంటు. ఆ తర్వాత కాసేపు ఏమీ వినిపించదు, సిమెంటు గట్టిపడేదాకా ఎవరం కదలం, కంగారు పడకండి అని చెప్పాడు. పడటం లేదు. పరీక్ష హాల్లో కూడా ఇలాంటి నిశ్శబ్దం ఉంటుంది, అందరూ తలలు వంచుకుని ఉంటారు, ఏదో తయారవుతూ ఉంటుంది. ఈ నిశ్శబ్దం మంచిదే, దీనికి అర్థం ఉంది, నాకు ముందే అర్థం చెప్పారు. బావ పోయినప్పుడు అక్క మిషను చాలా రోజులు ఆగిపోయింది, నేను బడి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి వినేదాన్ని, చప్పుడు లేదు, ఒకరోజు వస్తే వీధి మలుపులోకే వినిపించింది, నేను అక్కడే నిలబడిపోయాను, సంచీలో పిల్లల పరీక్ష కాగితాలు, ఎండ, నిలబడి విన్నాను, గబగబా ఒక పొడుగు కుట్టు, ఆగి, గుడ్డ తిప్పి, మళ్లీ. లోపలికి వెళ్తే, "ఏంటే, వీధిలో నిలబడి ఏడుస్తున్నావట, పక్కింటావిడ చెప్పింది, నలుగురిలో నా పరువు తీస్తున్నావు" అంది, తల ఎత్తలేదు, పాదం ఆడుతూనే ఉంది. గట్టిపడాలి. గట్టిపడి పట్టుకోవాలి. రేపు పొద్దున ఆసుపత్రి మంచం పక్కన గోడ ఎటువైపుందో నేను నిన్ననే చూసి పెట్టుకున్నాను. దాని వెనక సామాను గది. ఆ నర్సుని బతిమాలి ఒక్క నిమిషం ఆ గదిలో నిలబడతాను. నాకు ఇంకేం వద్దు. అక్క మాటే నేనూ అంటున్నాను. రేపు పొద్దున ఒక్కటి, అటునుంచి.

తలుపు తెరుచుకుంది. ఒక నర్సు బయటికి వచ్చింది, నన్ను ఇక్కడ కూర్చోబెట్టిన పిల్లే, నావైపు చూడలేదు. పరిగెత్తడం లేదు. పరిగెత్తకూడదని గట్టిగా అనుకుని నడుస్తోంది. అటునుంచి ఇద్దరు మందులూ ఏదో మిషనూ పెట్టిన చక్రాల బల్ల ఒకటి తోసుకుంటూ వచ్చారు, దాని చక్రం ఒకటి కిచకిచమంటోంది, లోపలికి వెళ్లాక కూడా ఆ కిచకిచ కాసేపు వినిపించి ఆగింది. వేరే ఎవరికోసమో కావచ్చు. లోపల ఇంకో గది ఉండొచ్చు. నేను గోడ మీద ఒకసారి కొట్టాను. ఆగాను. సంచీ ఆయన సంచీ తెరవడం మానేశాడు. మళ్లీ కొట్టాను, ఈసారి చేతిని పైకెత్తలేదు, ఉన్నచోటే. లేచి నిలబడితే ఏదో ఒప్పుకున్నట్టవుతుందని లేవలేదు. గీత వంకరగా వేసిన మనిషి ఎవరో, ఆ రోజు అతనికి ఏమైందో, చెయ్యి ఎందుకు వణికిందో. పాదాలు కప్పారో లేదో.

డాక్టరు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. డాక్టర్లు కూర్చోరు, నిలబడే చెప్తారు, మంచి కబురు నిలబడి చెప్పేసి వెళ్లిపోతారు. ఆయన నుదుటి మీద ఆపరేషను టోపీ నొక్కిన గీత ఎర్రగా ఉంది. ఆయన వెనక మత్తు డాక్టరు, సన్నటి అమ్మాయి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడింది. టీచరుగారూ, అన్నాడు ఆయన. సిమెంటు లోపలికి వెళ్లి, కాడ దింపాక, అన్నాడు. చాలాసేపు ప్రయత్నించాం, అన్నాడు. ఇంకా చాలా చెప్పాడు, తడుముకోకుండా, నిజాయితీగా, నేను తల ఊపుతూ విన్నాను, క్లాసులో పాఠం అప్పజెప్పే పిల్లవాడిని మధ్యలో ఆపకూడదు. అరుదు అనే మాట ఆయన మళ్లీ వాడలేదు. అందుకు ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

"అప్పటిదాకా మాట్లాడుతూనే ఉన్నారండీ" అంది ఆ అమ్మాయి. "సుత్తి చప్పుడుకి భయపడతారేమోనని, చెవిలో ఏదైనా పాట పెట్టనా బామ్మగారూ అన్నాను. వద్దమ్మా, నన్ను విననీ, మా పిల్ల కొడుతోంది అన్నారు. నాకర్థం కాలేదు. నవ్వారు కూడా."

నేను తల ఎత్తి ఆమెని చూశాను.

"తర్వాత వేలు వణకడం మొదలైందండీ. బల్ల పక్కన ఇనప కమ్మీ ఉంటుంది, గోరు దానికి తగులుతోంది. చలికో భయానికో అనుకుని నేను చెయ్యి పట్టేసుకున్నాను. చివరిదాకా వదల్లేదండీ. నిజంగా."

చెప్పొచ్చు. అది వణుకు కాదమ్మా అని ఒక్క మాట చెప్పొచ్చు. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి, నా దగ్గర చదువుకున్న ఏ పిల్లైనా కావచ్చు. మంచి పని చేశావమ్మా, అన్నాను. చెయ్యి పట్టుకుని ఉన్నావు, మంచి పని చేశావు. అక్కయితే ఏదో ఒకటి అని ఆమెని నవ్వించేది. నాకు చేతకాలేదు.

లోపలికి రమ్మన్నారు. లేచాను. లేవగానే సంచీ ఆయన కూడా లేచి నిలబడ్డాడు, సంచీ రెండు చేతులతో పట్టుకుని తల వంచుకున్నాడు. లోపల నిజంగానే చలిగా ఉంది. గోడ ఇటువైపు మొత్తం తెలుపే, గీత లేదు. అక్క మీద ఆకుపచ్చ గుడ్డ మెడ దాకా కప్పారు, పాదాలు మాత్రం బయటే ఉన్నాయి, ఎవరూ కప్పలేదు. నేను ముందు వాటి దగ్గరికే వెళ్లాను. ఎడమ పాదం పక్కకి వాలడం లేదు. కాలు పొట్టిగా లేదు. మడమలు రెండూ ఒకే వరుసలో, వేళ్లు రెండువైపులా పైకప్పు వైపు, అంచు కొలిచి కత్తిరించినట్టు సమానంగా ఉన్నాయి. ఇక ఈ కాళ్ల మీద అక్క ఎక్కడికైనా నడవగలిగేది. గుడ్డ అంచు కిందికి లాగి పాదాలు కప్పాను. మెడ దగ్గర చాలకపోతే సర్దాను. బల్ల పక్కన ఇనప కమ్మీ, దాని పక్కనే అక్క చెయ్యి, వేలు కాస్త వంగి ఉంది. టోపీ తీసి ఆ వేలికి పెడదామనుకున్నాను, నా వేలి కణుపు దగ్గర బిగుసుకుపోయి రాలేదు. రెండుసార్లు లాగి వదిలేశాను. గోడకి చెవి ఆనించినప్పుడు రెండోసారి వచ్చిన ఆ సన్నటి చప్పుడు అక్కది. దానికి నేను తిరిగి కొట్టలేదు. సుత్తేమో అనుకున్నాను, లేక అనుకోలేదో, వింటూ ఉండిపోయాను. ఆఖరిది అక్క కొట్టింది. బాకీ నా వైపు ఉంది.

వంగి, ఆ కమ్మీ మీద ఒకసారి కొట్టాను.